ఒకటే జత గ్లౌజులు

గాజువాకలో దీనాని ఎరిగినవాళ్లంతా ఒకే మాట అంటారు: పిల్లకి పనొచ్చు, నోరే లేదు. మాట అబద్ధం కాదు. పాస్‌పోర్టు ఫొటోకి వచ్చిన మనిషి తల వంచుకుని కూర్చుంటే, "తల ఎత్తండి, ఇటు చూడండి" అని చెప్పడానికి ఆమెకి నాలుక అంగిట్లో అంటుకుపోతుంది. ఆ ముక్కేదో స్టూడియో యజమాని ఉదయ్‌కుమార్ కౌంటరు దగ్గర్నించి కేకేస్తే, ఆమె బటన్ నొక్కుతుంది. నాలుగేళ్లుగా పని అలాగే నడుస్తోంది.

చావుల దగ్గర మాత్రం ఆమెకి సాటి లేరు. మల్కాపురం, శ్రీహరిపురం వైపు చర్చి మనుషుల ఇళ్లల్లో ఎవరైనా పోతే, పెట్టె మూత వేసేముందు కుటుంబమంతా చుట్టూ నిలబడి ఆఖరి ఫొటో తీయించుకుంటారు. పాస్టరుగారే అందర్నీ వరసలో నిలబెడతారు. కెమెరా వంక ఎవరూ చూడరు, ఏడ్చేవాళ్లు ఏడుస్తూనే ఉంటారు. అక్కడ దీనా నోరు విప్పాల్సిన పని లేదు. బతికున్న కొత్త మనిషి ఎదురుగా నిలబడి కళ్లలోకి చూస్తేనే వస్తుంది తంటా. అందుకని ఆమె ఒక అలవాటు చేసుకుంది. ముందు చేతులు చూస్తుంది. వాటి మీద ఫోకస్ పెట్టుకుని, అక్కణ్నించి మెల్లగా పైకి వెళ్తుంది. ఒక్కోసారి మొహం దాకా వెళ్లకుండానే నొక్కేస్తుంది కూడా. చేతులు ఎవర్నీ గుచ్చి చూడవు కదా.

అలాంటి మనిషిని ఉదయ్‌కుమార్ అచ్యుతాపురం పంపాడు. అక్కడ ఒక మందుల కంపెనీలో భద్రతా వారోత్సవం. కాంట్రాక్టు కూలీలందరికీ విడివిడిగా ఫొటోలు తీసి గోడకి పెడతారట. పని నచ్చితే కొత్త సంవత్సరం క్యాలెండరు కూడా స్టూడియోకే ఇస్తారట. "నువ్వేటీ మాటాడక్కర్లేదు. అక్కడ సేఫ్టీ ఆఫీసరుంటాడు, ఆయనే నిలబెడతాడు" అన్నాడు ఉదయ్‌కుమార్. ఆ ఒక్క మాటకే ఆమె ఒప్పుకుంది.

కంపెనీ ఆవరణలో షెడ్డు గోడకి ఆనించి పెద్ద బ్యానరు కట్టారు. 'మీ భద్రతే మా బాధ్యత' అని దాని మీద తాటికాయంత అక్షరాలు. దాని ముందు ప్లాస్టిక్ బల్ల. బల్ల మీద ఒక హెల్మెట్, ఒక కళ్లజోడు, ఒక ఏప్రాను, ఒక జత నారింజ రంగు రబ్బరు గ్లౌజులు. అన్నీ కొత్తవి, అన్నీ ఒక్కొక్కటే. మనుషులేమో షెడ్డు మలుపు దాకా బారులు తీరి ఉన్నారు. డ్రమ్ములు కడిగేవాళ్లు, యాసిడ్ క్యాన్లు మోసేవాళ్లు, నేల తుడిచే ఆడవాళ్లు.

సేఫ్టీ ఆఫీసరు శివరామకృష్ణ ఇస్త్రీ చొక్కాలో, మెళ్లో ఐడీ కార్డుతో ఎండలో నిలబడి అందర్నీ నవ్వమని హుకుం జారీ చేస్తున్నాడు. ఒకడు తొడుక్కోవడం, నవ్వడం, తీసి పక్కవాడికి ఇవ్వడం. ఏదో పేరంటంలో గంధం గిన్నె తిరిగినట్టు ఆ గ్లౌజులు చేతులు మారుతున్నాయి. బ్యానరు కట్టిన ఇనప చట్రానికి పొద్దున్నే నీలం రంగు వేశారు, ఇంకా ఆరలేదు. మొట్టమొదట వచ్చినవాడు నిలబడబోతూ దాన్ని పట్టుకున్నాడు. కుడి గ్లౌజు బొటనవేలి మొదట్లో నీలం మరక పడింది. శివరామకృష్ణ విసుక్కుంటూ గుడ్డతో తుడిస్తే ఇంకాస్త పాకింది తప్ప పోలేదు. చేతులు తప్ప ఇంకేమీ చూడని దీనాకి ఆ మరక అందరికంటే బాగా కనిపించింది.

ఎండకి చెమట పట్టి గ్లౌజులు లోపలివైపుకి తిరిగిపోతున్నాయి. వేళ్లు బయటికి రావడానికి ఒక్కొక్కడూ వాటిని నోటి దగ్గర పెట్టుకుని బూర ఊదినట్టు ఊదుతున్నాడు. పైడయ్య అనే నడివయసు మనిషి వంతు వచ్చేసరికి అతని కుడి చిటికెన వేలు గ్లౌజులోకి పోలేదు. అది ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న వేలు. గ్లౌజు చిటికెన వేలు ఖాళీగా వేలాడుతోంది. "ఫర్లేదు, కనపడదులే, తియ్యమ్మా" అన్నాడు శివరామకృష్ణ.

దీనా తీసింది. పైడయ్య కదల్లేదు. కెమెరా వెనకున్న ఆమె వైపు వంగి చూసి అడిగాడు.

"పాపా, ఇయి తీసీసి ఉత్త సేతుల్తో ఒకటి తియ్యవా? మా గురువమ్మ ఇది సూత్తే, ఇయి నీ సేతులు కావంటాది."

వరసలో నవ్వులు లేచాయి. 'అలాగే' అనాలని దీనాకి ఉంది. ఒక్క మాట. అది గొంతులోనే ఉండిపోయింది. ఈలోగా శివరామకృష్ణ, సరదాలు తర్వాత అంటూ అతని చేతుల్లోంచి గ్లౌజులు లాగి వెనకవాడికి ఇచ్చేశాడు.

అందరివీ అయ్యాక ఆఫీసరు ఆ నాలుగు వస్తువులనీ అట్టపెట్టెలో సర్ది, టేపు వేసి, స్టోర్ రూములో పెట్టించాడు. కూలీలు వెనక్కి పోయారు. దీనా లైట్లు మడుస్తూ చూసింది. పైడయ్య చిరిగిన గోనెపీలిక కుడిచేతికి చుట్టుకుని డ్రమ్ము ఒరిగిస్తున్నాడు. ఆ పెట్టెలోవి వాళ్లకి ఇవ్వరా అని అడగాలనిపించింది. అడగలేదు. మొహమాటం అంటే మంచితనమని కొందరు అనుకుంటారు గానీ, దాని నీడన ఎన్ని దుర్మార్గాలు చల్లగా పడుకుంటాయో లెక్కలేదు.

మూడోరోజు పొద్దున్నే ఉదయ్‌కుమార్ ఫోను పెట్టేసి, ఆ పైడయ్య ఫొటో పెద్ద సైజులో వేసి బేగి ఇమ్మన్నాడు. కంపెనీ కారు వస్తోందట. ఒక్కడిదే ఎందుకని దీనా అడిగితే, కప్పులో టీ ఊదుకుంటూ చెప్పాడు. యాసిడ్ క్యాను మూత ఊడిందట, కుడి చెయ్యి మణికట్టు దాకా కాలిపోయిందట. గ్లౌజులు ఇచ్చినా వేసుకోలేదని రుజువు కావాలట.

ప్రింటరులోంచి బొమ్మ కిందనుంచి పైకి మెల్లగా బయటికి వస్తోంది. ముందు నారింజ రంగు గ్లౌజులు వచ్చాయి. ఖాళీగా వేలాడే చిటికెన వేలు వచ్చింది. నీలం మరక వచ్చింది. నవ్వమంటే నవ్విన మొహం ఆఖర్న వచ్చింది.  చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. వీళ్లు అంతకంటే ఘనులు. ఆకులు ముందే చూపించి, ఫొటో తీయించి, మళ్లీ లాక్కుని, ఆ తర్వాత చేతులు కాల్చారు. పైగా ఆ చేతులదే తప్పంటున్నారు. ఇంత పాపానికీ ఒడిగట్టింది తన కెమెరాతో.

మర్నాడు పైడయ్య భార్య గురువమ్మే వచ్చింది. పొట్టి మనిషి, కాళ్లకి చెప్పులు లేవు, చేతిలో బట్టలకొట్టు సంచి. ఆ ఫొటో సంచిలోంచి తీసి కౌంటరు మీద పెట్టింది. మూల మీద ముద్రించిన స్టూడియో పేరు ఆటో అతనితో చదివించుకుని వెతుక్కుంటూ వచ్చిందట. కంపెనీవాళ్లు దీన్ని ఆమె ముందు పడేసి, నీ మొగుడి ఒళ్లు బద్ధకానికి మేమేం చేస్తాం, ఆసుపత్రి ఖర్చు మాకు సంబంధం లేదన్నారట. ఎవరు తీశారని ఆమె అడిగితే ఉదయ్‌కుమార్ కళ్లు దీనా వైపు తిరిగాయి.

గురువమ్మ దీనా దగ్గరికి వచ్చి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు.

"నువ్వు సూసినావు గదమ్మా. ఈ బొమ్మ తీసినాక ఆ గ్లౌజులు ఏటయిపోనాయి?"

దీనా పెదాలు కదిలాయి. ఆమె నోరు తెరిచేలోపు ఉదయ్‌కుమారే అందుకుని, మేం ఫొటోలు తీసేవాళ్లం, ఆ తర్వాత జరిగేవాటితో మాకేం సంబంధమని మర్యాదగానే చెప్పి, వాటర్ ప్యాకెట్ ఇచ్చి పంపించేశాడు. గురువమ్మ మెట్లు దిగుతూ ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ చూపు దీనాని తిట్టి ఉంటే బాగుండేది. అది ఇంకా జవాబు కోసమే చూస్తోంది.

మర్నాడు పొద్దున్నే దీనా కంప్యూటరు ముందు కూర్చుని అందరి ఫొటోలూ ఒకదాని తర్వాత ఒకటి తెరిచి చేతుల దగ్గర పెద్దవి చేసింది. పైడయ్యకి ముందు నిలబడినవాళ్ల కుడి గ్లౌజు మీద నీలం మరక. వెనక నిలబడినవాళ్ల మీదా అదే మరక. ఆడవాళ్లకీ, ముసలాళ్లకీ, అందరికీ ఒకటే జత. ఆమె ఉదయ్‌కుమార్‌ని పిలిచి చూపించింది.

ఆయన చూశాడు. ఆయనకి అర్థం కాకపోలేదు. "కందకి లేని దురద కత్తిపీటకెందుకు దీనా? క్యాలెండరు పోద్ది. అయ్యన్నీ డిలీట్ సేసీయ్" అన్నాడు.

"కందకి దురద లేదని ఎవరన్నారన్నా? ఆవిడ నిన్ననే గదా వొచ్చి అడిగింది" అంది దీనా. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందా అని ఆమెకే అనుమానం వేసింది. ఫొటోలన్నీ తన కార్డులోకి ఎక్కించుకుని, తన పాత కెమెరా భుజాన తగిలించుకుని మెట్లు దిగింది. రేపట్నించి రావక్కర్లేదని వెనకనుంచి వినిపించింది.

పెద్దాసుపత్రి వార్డులో పైడయ్య చేతికి మోచెయ్యి దాకా తెల్లటి కట్టు ఉంది. దీనాని చూడగానే గుర్తుపట్టాడు. "ఇప్పుడు తీత్తావేటి పాపా? ఈసారి గ్లౌజు గట్టిదే ఏసినారు" అని నవ్వబోయి, నొప్పికి ఆగిపోయాడు. పక్కన గురువమ్మ నేల మీద కూర్చుని బత్తాయి వలుస్తోంది. దీనా కూడా ఆమె పక్కన నేల మీదే కూర్చుంది.

"ఆ గ్లౌజులు పెట్టిలో పెట్టి స్టోర్‌లో దాసేసినారు పిన్నీ. నాను సూసేను. నిన్ననే సెప్పాల్సింది" అంది.

గురువమ్మ చేతిలోని బత్తాయి సగం చేసి దీనా చేతిలో పెట్టింది. తర్వాత అసలు సంగతి చెప్పింది. ఎల్లుండి గవర్నమెంటు నుంచి అధికారి విచారణకు వస్తున్నాడు. కూలీలందరికీ గ్లౌజులున్నాయి, పైడయ్య ఒక్కడే తీసి పడేశాడని కంపెనీ చెప్పబోతోంది. తోటివాళ్లకి నిజం తెలుసు గాని, నోరెత్తితే గేటు పాసు పోతుందని భయం.

అంటే ఫొటో దిగిన ఆ జనమందరి వట్టి చేతులూ ఇప్పుడు మళ్లీ ఎవరో తీయాలి. ఎవరో ఏమిటి, ఇంకెవరు తీస్తారు?

ఆ మధ్యాహ్నం షిఫ్టు దిగేవేళకి దీనా అచ్యుతాపురం జంక్షన్‌లో కొబ్బరిబోండాల బండి వెనక నక్కింది. దూరం నుంచి లాగే లెన్సు పెట్టుకుంది. ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, ఎవరికీ తెలియదు అనుకుంది. ఎంత అలవాటో చూడండి, న్యాయం చేద్దామని బయల్దేరినా దొడ్డిదారే వెతుక్కుంది. కూలీలు క్యారేజీలు ఊపుకుంటూ బస్సు వైపు వస్తున్నారు. ఆమె ఇంకా లెన్సు సరిచేసుకుంటూండగానే స్కార్ఫు మొహానికి చుట్టుకున్న ఒక ఆడమనిషి గబగబా రోడ్డు దాటి వచ్చింది. ఆవిడ పేరు అనూరాధ అని దీనాకి అప్పటికింకా తెలియదు.

"ఎవులు నువ్వు? దొంగసాటుగా ఏటి తీత్తన్నావ్?"

జనం పోగయ్యారు. కంపెనీ పంపిన మనిషేనన్నారొకరు. ఎవరెవరు గుమిగూడుతున్నారో పట్టిచ్చేందుకన్నారింకొకరు. దీనాకి చెప్పాల్సినదంతా గొంతు దాకా వచ్చి అక్కడే అడ్డం పడింది. మొహాలు తిప్పుకుని అందరూ బస్సెక్కేశారు. బస్సు పోయాక ఆమె ఖాళీ షెల్టరులో కూర్చుని ఏడ్చింది. ఆ ఏడుపులో దుఃఖం తక్కువ, కోపం ఎక్కువ. సగం కంపెనీ మీద, సగం తన మీద. వాళ్లని అడక్కుండా, వాళ్ల మాట వినకుండా వాళ్ల బొమ్మ తీసుకుపోవడమే కదా శివరామకృష్ణ చేసింది. చెట్టుచాటునో బండిచాటునో నిలబడి తనూ అదే చేయబోయింది.

మర్నాడు అదే వేళకి ఆమె చాటుకి పోలేదు. కెమెరా అందరికీ కనిపించేలా మెళ్లో వేలాడేసుకుని బస్సు ఆగే చోట, నడిరోడ్డంత బాహాటంగా నిలబడింది.  కూలీలు దగ్గరికొచ్చేదాకా ఆగి, ఊపిరి పీల్చుకుని, ఎదురెళ్లింది.

"నా పేరు దీనా. మాది మల్కాపురం. ఆ రోజు మీ ఫొటోలు తీసింది నానే. పైడయ్యగారి సెయ్యి కాలిపోతే, నాను తీసిన ఫొటో సూపించి తప్పు ఆయనదే అంటన్నారు. ఆ గ్లౌజులు మళ్లీ మీకెవరికైనా ఇచ్చినారా?"

 కూలీలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బస్సు హారను కొట్టింది.

"మీ మొకాలు వద్దు. సేతులు సాలు" అంది.

గడ్డం మాసిన ఒక ముసలాయన క్యారేజీ కింద పెట్టాడు. లుంగీకి చేతులు తుడుచుకుని ముందుకు చాపాడు. గోళ్లు పచ్చబడి ఉన్నాయి, అరచేతుల్లో చర్మం పొరలు పొరలుగా లేచి ఉంది. దీనా తీసింది. వెనక ఇంకో జత చేతులు వచ్చాయి, వేలికి చుట్టిన గుడ్డపీలికతో. డ్రైవరు మళ్లీ హారను కొడితే, కాసేపు ఆగమని లోపల్నించి ఎవరో కసిరారు. వట్టి చేతులు ఒకటొకటే ముందుకొస్తున్నాయి. ఒక్క చేతికి గ్లౌజు ఉంటే ఒట్టు.

నిన్న అరిచిన అనూరాధ అంతసేపూ పక్కనే నిలబడి చూస్తోంది. ఉన్నట్టుండి జనాన్ని తోసుకుని ముందుకొచ్చింది.

"ఉత్త సేతులు తీత్తే ఏటి లాబం? ఎవులియో తెచ్చినారంటారు. ఆ రోజు మొకంతో గదా తీసినావు, ఇప్పుడూ మొకంతోనే తియ్. ముందు నాది తియ్యి."

మొహానికి చుట్టుకున్న స్కార్ఫు విప్పేసింది. గేటు పాసు పోతుందే అని వెనక ఎవరో హెచ్చరించారు. పోతే అందరిదీ పోద్ది, అందర్నీ తీసేసి డ్రమ్ములు ఆఫీసరు కడుక్కుంటాడా అంది ఆవిడ. రెండు చేతులూ గుండెల ముందు పెట్టుకుని నిలబడింది. అంత మాటన్న మనిషీ కెమెరా ఎత్తేసరికి బిడియపడి తల వంచేసింది.

దీనా చేతుల మీద ఫోకస్ పెట్టింది. అక్కణ్నించి మెల్లగా పైకి వెళ్లింది. వంచిన తల దగ్గర ఆగింది. ఇక్కడ కేకేయడానికి ఉదయ్‌కుమార్ లేడు, పాస్టరుగారూ లేరు.

"తలెత్తప్పా. ఇటు సూడు" అంది.

అనూరాధ తలెత్తింది. ఆ కళ్లు నేరుగా దీనా కళ్లలోకి చూశాయి. ఏమీ కాలేదు. భూమి బద్దలవలేదు. "ఈ ముక్క ఆ రోజే సెప్పుంటే మా మొకాలు బాగొచ్చేవి గదా" అని అనూరాధ అంటే చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఈసారి ఎవరూ నవ్వమనలేదు. ఇందాక చేతులు మాత్రమే ఇచ్చిన ముసలాయన కూడా మళ్లీ వచ్చి వరసలో నిలబడ్డాడు. ఒక్కొక్కరినీ పేరడిగి, తలెత్తమని చెప్పి, దీనా అందర్నీ తీసింది. బస్సు చాలా ఆలస్యంగా కదిలింది.

విచారణ కంపెనీ సమావేశాల గదిలో జరిగింది. అధికారి తిరుమలరావు చెమట కక్కుతూ వచ్చి, ఇచ్చిన జ్యూసు పక్కకి నెట్టి కూర్చున్నాడు. నా తరఫు మనిషి అంటూ గురువమ్మ దీనా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చింది. శివరామకృష్ణ పెద్ద ఫొటో బల్ల మీద పెట్టాడు. దాని పక్కన ప్లాస్టిక్ కవరులోంచి నారింజ రంగు గ్లౌజులు తీసి పెట్టాడు. ఇవి పైడయ్యకి ఇచ్చినవే సార్, తొడుక్కోకుండా క్యాను పక్కన పడేసి ఉంటే ప్రమాదం జరిగిన చోటే మాకు దొరికాయి, అన్నాడు. చెబుతున్నప్పుడు గొంతులో జాలి కూడా పలికించాడు.

దీనా ఆ గ్లౌజుల వంక చూసింది. కుడిదాని బొటనవేలి మొదట్లో నీలం మరక. చూపించడానికి ఇంకో జత కూడా కొనలేదు మహానుభావులు. పెట్టె టేపు ఊడదీసి అవే తెచ్చారు. అంతవరకూ ఉన్న భయం ఆమెకి ఒక్కసారిగా పోయి, ఒళ్లు మండిపోయింది.

లేచి నిలబడి సంచిలోని ప్రింట్లు బల్లంతా పరిచింది. ఒక్కొక్క ఫొటోలోనూ మరక మీద వేలు పెట్టి చూపించింది. ఇది పైడయ్యకి ముందు, ఇది వెనక, ఇది ఆఖరి మనిషి. తిరుమలరావు కళ్లజోడు నుదుటి మీదకి తోసుకుని, గ్లౌజు చేతిలోకి తీసుకుని ఫొటోల మీద పెట్టి చూశాడు. ఫొటోల సౌకర్యం కోసం ఒక జత వాడాం సార్, ఆ సాయంత్రమే అందరికీ కొత్తవి ఇచ్చేశాం, అని శివరామకృష్ణ మాట మార్చాడు. అప్పుడు దీనా రెండో కట్ట విప్పింది. అవే మొహాలు, తలెత్తి నేరుగా చూస్తున్న మొహాలు. వాటి ముందు పొట్టు లేచిన, పచ్చబడిన, పీలికలు చుట్టుకున్న వట్టి చేతులు.

"నిన్న మధ్యానం షిఫ్టు దిగినప్పుడు తీసేను సార్. పేర్లు వెనకాల రాసేను. కావలిస్తే వాళ్లనే పిలవండి" అంది.

తిరుమలరావు పిలిపించాడు. ముందు అనూరాధ వచ్చింది, ఆమె వెనక మిగిలినవాళ్లు. గదిలో చోటు చాలక వరండాలో నిలబడ్డారు. ఎవర్నీ ఎక్కువ అడగాల్సిన పని పడలేదు. చేతులు చూపించమంటే చూపించారు.  తప్పు పైడయ్యదని నేను రాయను, అని తిరుమలరావు మెల్లగా అన్నాడు. గురువమ్మ బల్ల అంచు గట్టిగా పట్టుకుంది. ఆమె కళ్లలో అప్పటిదాకా రాని నీళ్లు అప్పుడొచ్చాయి.

ఈ గ్లౌజులు ఎవరు తెచ్చి చూపించారో రికార్డులో ఉండాలి, పట్టుకుని నిలబడండి, ఈ అమ్మాయి ఫొటో తీస్తుంది, అన్నాడు తిరుమలరావు. శివరామకృష్ణ గ్లౌజులు రెండు వేళ్లతో పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. గోడ మీద భద్రతా వారోత్సవంలో తీసిన కూలీల ఫొటోలు, పైన అవే తాటికాయంత అక్షరాలు. దీనా ఎప్పటిలాగే చేతుల మీద ఫోకస్ పెట్టింది, అక్కణ్నించి మెల్లగా పైకి వెళ్లింది. ఆయన గడ్డం ఛాతీకి ఆనించుకుని నేల చూస్తున్నాడు.

"చేతుల వరకు తీస్తే చాలు కదమ్మా" అన్నాడు గొణుగుతూ.

"చాలదు సార్" అంది దీనా. "తల ఎత్తండి. ఇటు చూడండి."

 ఆయన తల ఎత్తేదాకా ఆమె కెమెరా దించలేదు.